నూకరత్నం ఎనిమిదో మాట

గడువుకు 21 రోజులు

పదిహేడో తెప్ప. అప్‌డేట్ చేసిన కడవలు తొమ్మిది. తెరుచుకోనిది ఒకటి. చేసిన వ్యక్తి సీతారత్నం, వయసు డెబ్బై మూడు, ఒకప్పుడు కాలేజీలో తెలుగు లెక్చరరు, ఇప్పుడు ఈ తెప్పకు కడవల వాలంటీరు. జీతం లేదు. కుర్చీ ఉంది.

ఈ లాగ్‌బుక్కులో రోజుకు నాలుగు లైన్లు రాస్తే చాలని నీటి ఆఫీసువాళ్ళు అన్నారు. ముప్పై నాలుగేళ్ళు నాలుగు లైన్ల జవాబులకు మార్కులు కోసినదాన్ని. నాలుగు లైన్లలో ఎవరూ నిజం చెప్పరు.

పొద్దున్నే సోలార్ పలకల మీద ఉప్పు గీకి, నా నీళ్ళ ఖాతా దాచే కడవ పెట్టెలోంచి ఒక చుక్క, అంటే ఒక రోజు నీటి లెక్క, కుళాయికి కట్టి, బిందెడు నీళ్ళు పట్టుకుని పనిలో కూర్చున్నాను. ముందు అప్‌డేట్ అసలైనదేనని తెలిపే ముద్ర సరిచూశాను. అప్‌డేట్‌తో వచ్చిన ముప్పై రెండు అక్షరాలనూ, ఆఫీసువాళ్ళు కుళాయి దగ్గర అతికించిన కాగితం మీది ముప్పై రెండు అక్షరాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. రెండూ ఒకటే. ఇంత చాదస్తం ఎందుకంటే, మొన్న తెప్పమీద అందరికీ ఒక సందేశం వచ్చింది. కడవకు పదకొండో కూర్పు వచ్చిందట, దాన్ని తెరిచే మన పన్నెండు మాటలూ పంపితే వాళ్ళే మార్చిపెడతారట. అందులో మూడు అచ్చుతప్పులు ఉన్నాయి. దొంగతనానికి కూడా చదువు అక్కర్లేదనుకుంటే ఎలా? దాన్ని ఎర్ర సిరాతో దిద్ది నోటీసు బోర్డుకు గుచ్చాను.

పాత కడవ గొంతు విని తెరుచుకునేది. తొమ్మిదో తెప్పలో ఒక పెద్దాయన పాడుకున్న పాటల్లోంచి ఎవరో ఆయన గొంతు తయారుచేసి, ఆయన కడవను అడుగంటా ఊడ్చేశాక గానీ ఆఫీసుకు జ్ఞానోదయం కాలేదు. పదకొండో కూర్పులో గొంతు లేదు. పన్నెండు మాటలూ వేళ్ళతో కొట్టాలి. మొత్తం ఆరుసార్లు తప్పు కొడితే కడవ ఇక తెరుచుకోదు. గడువు దాటితే అందులోని చుక్కలన్నీ ఉమ్మడి ట్యాంకులో కలిసిపోతాయి.

అందరికీ ఒకటే ఉపన్యాసం ఇచ్చాను. మాటలు ఎవరికీ చెప్పకండి, మొగుడికి చెప్పకండి, దేవుడికి చెప్పుకున్నా మనసులోనే చెప్పుకోండి. తొమ్మిదిమందీ నవ్వి, చాటుకు వెళ్ళి, కొట్టుకుని వచ్చారు.

పదోది మా పక్కింటి నూకరత్నం కడవ. వలలు బాగుచేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట, కడవ పెట్టుకున్న రోజున, ఆమెకు రాయడం రాదు. కడవ ముందు తను మాటలు చెబుతూ ఉంటే పక్కన కూర్చుని కాగితం మీద రాసిపెట్టింది నేను. అందుకని ఈవేళ కొట్టింది కూడా నేనే. తెరుచుకోలేదు. ఒకటోసారి.

సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం అని చెప్పాను.

"అలాగేనండి పంతులమ్మగారూ, నేను చేపలు ఎండబెట్టి వస్తాను" అంది. చేపలు అని ఎంత చక్కగా పలికిందో. నేను నేర్పిందే.

గడువుకు 20 రోజులు

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొట్టాను. అవే మాటలు, అదే వరస. రెండోసారీ తప్పే. అదే తాళంచెవిని ఇంకోసారి తిప్పితే తలుపు మనసు మార్చుకుంటుందని అనుకున్నాను కాబోలు. ఇక నాలుగు మిగిలాయి.

ఆ కడవలో ఉన్నవి మూడువందల డెబ్బై చుక్కలు. నూకరత్నం కూతురు గౌరికి ఇప్పుడు ఎనిమిదో నెల. అత్తగారి తెప్పలో పేర్ల పట్టీ నిండిపోయింది, కొత్త పేరు రాయరు. ఇక్కడ రాయాలంటే పుట్టబోయే బిడ్డ పేర మూడువందల అరవై చుక్కలు, అంటే ఏడాదికి సరిపడా నీళ్ళు, కాన్పుకు ముందే జమకావాలి. లేకపోతే తల్లీబిడ్డా ఒడ్డు క్యాంపుకు పోవాలి. అక్కడ నీళ్ళు ట్యాంకరు దయ. నూకరత్నం ఎనిమిదేళ్ళుగా స్నానానికి సగం బిందెతో సరిపెట్టుకుని దాచిన చుక్కలవి.

సాయంత్రం వచ్చి, లోపం సర్దుకుందా అని అడిగింది. ఆఫీసువాళ్ళు చూస్తున్నారని చెప్పాను. ఆఫీసువాళ్ళకు నేనింకా చెప్పనేలేదు.

గడువుకు 18 రోజులు

నా మనవరాలు ఇందుజ నీటి ఆఫీసులోనే పనిచేస్తుంది. ఈ పదకొండో కూర్పు రాసినవాళ్ళలో తనూ ఒకతె. ఫోన్ చేశాను. ఎవరి కడవో చెప్పకుండా, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాను.

"అమ్మమ్మా, పాత కడవ విన్నది విన్నట్టే రాసుకుంటుంది. అది దేన్నీ దిద్దదు. ఆవిడ మొదటి రోజు నోటితో ఎలా పలికిందో అదే అక్షరాల్లో కొట్టాలి."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అప్‌డేట్‌కు ముందు కాగితంలో ఉన్నది చదివించి, పాత కడవతో సరిచూసుకోవాలని మొదటి పేజీలోనే ఉంది కదా. చూడలేదా?"

చూశాను. తొమ్మిదిమందికీ చదివి వినిపించాను. పదోదానికి అక్కర్లేదనుకున్నాను, రాసింది నేను కాబట్టి. ఇప్పుడు అప్‌డేట్ పడిపోయింది, గొంతు తలుపు మూసుకుపోయింది.

"అయినా ఆవిడ మాటలు నీకెలా తెలుసు అమ్మమ్మా?" అంది. లైను సరిగా లేదని పెట్టేశాను. లైను అద్దంలా ఉంది.

కాగితం తీసి చూశాను. పన్నెండు మాటలు, గుండ్రని అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నా చేతిరాతకు నేనే మురిసిపోయేదాన్ని. అప్పుడు ఆ రోజు గుర్తుకొచ్చింది. మూడో మాట నూకరత్నం 'సేప' అంది. నేను 'చేప' అని రాశాను. ఆలోచించి రాయలేదు. చెయ్యి దానంతటదే దిద్దింది.

ఈ మాట ఇక్కడ రాయకూడదని తెలుసు. కడవ తెరుచుకుని, ఈ మాటలన్నీ రద్దయ్యేదాకా ఈ పుస్తకం ఎవరికీ చూపించను. కానీ అది రాయకపోతే ఈ లాగ్‌బుక్కులో మిగిలేది సాఫ్ట్‌వేర్ లోపమే. సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.

గడువుకు 15 రోజులు

ఉప్పు పట్టింది, తుడిచి ఇస్తానని చెప్పి నూకరత్నం కడవను ఇంటికి తెచ్చుకున్నాను. అరచేతిలో పట్టే పెట్టె. దానికి నమస్కారం పెట్టి మరీ నా చేతికిచ్చింది.

చ ఉన్నచోటల్లా స పెట్టాను. నాలుగు మాటలు మారాయి. భాషాశాస్త్రంలో దీనికొక పేరు ఉంది, ఒకప్పుడు దానిమీద వ్యాసం కూడా రాశాను. ఆ వ్యాసంలో ఇలా మాట్లాడేవాళ్ళను ఎంతో గౌరవంగా ఉదాహరించాను. ఇంటికొచ్చి పక్కింటావిడను దిద్దాను.

మూడోసారీ తప్పు.

ఇచ్చేటప్పుడు పెట్టె తళతళా మెరిసింది. "ఎంత శుభ్రంగా చేశారండీ" అని మెచ్చుకుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సహించలేదంటే తినలేదని కాదు.

గడువుకు 11 రోజులు

నూకరత్నం మాట్లాడేది వినాలి. నాతో కాదు, తనవాళ్ళతో. వలల షెడ్డులో నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. అక్కడికి పోవడానికి నాకొక సాకు కావాలి. మంచులోంచి నీళ్ళు పట్టే వల మా ఇంటి పైన ఒకటి ఉంది, నిక్షేపంలా ఉంది. దాన్ని కత్తెరతో నాలుగుచోట్ల కత్తిరించి, చంకన పెట్టుకుని వెళ్ళాను. డెబ్బై మూడేళ్ళ వయసులో నేను చేసిన మొదటి విధ్వంసం.

షెడ్డు బయటే ఒక నిమిషం నిలబడ్డాను.

"సూడొలే, సంద్రం మొగం ఎలాగుందో. రేపు ఏటకెల్లినోడు ఎర్రోడే" అంటోంది నూకరత్నం. ఎవరో ఏదో అన్నారు. తను పెద్దగా నవ్వింది. ఎనిమిదేళ్ళలో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.

లోపలికి అడుగుపెట్టాను.

"రండి పంతులమ్మగారూ, కూర్చోండి. సముద్రం చూశారా, రేపు వేటకు వెళ్ళకూడదు" అంది.

మిగతా ముగ్గురూ తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. గుమ్మంలో కాళ్ళు కడుక్కున్నట్టు, నన్ను చూడగానే నాలుక కడుక్కుంది. నేను దాన్నే ఇన్నాళ్ళూ నా పాఠాల ఫలితం అనుకున్నాను. మధ్యాహ్నాలు ఆమెకు అక్షరాలు నేర్పుతూ, సేప కాదు చేప, ఏట కాదు వేట అని పలికించి పలికించి, తను ఒక్కటీ తప్పకుండా పలికిన రోజున బెల్లం ముక్క పెట్టాను. యాభై నాలుగేళ్ళ మనిషికి బెల్లం ముక్క.

గంటసేపు కూర్చుని, నేను వినడంలేదని తను అనుకున్నప్పుడు దొర్లిన మాటలన్నీ కొంగుచాటున రాసుకున్నాను. వల బాగుచేస్తూ, ఇది చిరగలేదండీ, ఎవరో కోశారు అంది నూకరత్నం. ఎలుకలు అన్నాను. సముద్రం మధ్యలో, తెప్పమీద, కత్తెర పట్టుకున్న ఎలుకలు.

ఆఫీసువాళ్ళకు చూపించాలని మళ్ళీ అబద్ధం చెప్పి కడవ తీసుకున్నాను. నాలుగోసారి. తప్పు.

గడువుకు 6 రోజులు

గౌరి నుంచి కబురు వచ్చింది. నాలుగు రోజుల్లో పడవ ఎక్కి వస్తోంది.

ఇక ఆపుకోలేకపోయాను. కడవనూ, కాగితాన్నీ తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. తను ఒక్కతే ఉంది. ఎదురుగా కూర్చుని, లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది అని మొదలుపెట్టాను. మొదటిసారి, రెండోసారి, ఉప్పు తుడవడం, ఎలుకలు, అన్నీ వరసగా చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

నూకరత్నం సూది ఆపలేదు. ముడి పూర్తిచేసి, దారం పంటితో తెంపి, అప్పుడు అడిగింది.

"నాను సెప్పింది నీకు ఇనబడలేదేటి?"

ఎనిమిదేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అంది.

"వినబడింది."

"మరేటి రాసినావు?"

"సరైంది రాశాను."

"సరైంది" అని ఆ మాటనే నెమ్మదిగా తిరిగి అంది. వలలోని రంధ్రాలు లెక్కపెడుతున్నట్టు చూసింది. "నా మాట తప్పని ఎనిమిదేళ్ళనుంచి నువ్వే సెప్తన్నావు. ఆ తప్పు మాటే తాళం తీస్తాదని ఇప్పుడూ నువ్వే సెప్తన్నావు. నానెప్పుడు నమ్మాల?"

లెక్చరరుగా పనిచేసిన రోజుల్లో జవాబు తెలియనప్పుడు మంచి ప్రశ్న అనేదాన్ని. అది కూడా అనలేదు.

కాగితం వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని, తను పుట్టిన పేటలో ఇంటినుంచి పడవదాకా నడిచే దారి వెంబడి పన్నెండు మాటలూ చెప్పింది. ఆ పేట ఇప్పుడు నీళ్ళకింద ఉంది. నేను విన్నది విన్నట్టు రాశాను. కాగితానికీ ఈ జాబితాకూ ఏడు మాటలు తేడా వచ్చాయి. నేను దిద్దానని నాకే గుర్తులేనివి రెండు. ఎనిమిదో మాట దగ్గర కూడా తడుముకోలేదు. దారి సగం దాటాక, ఇసకలో, చిన్నప్పటి కూతురు ఎదురొచ్చే చోటు. గౌరి. కాగితంలోనూ గౌరే. అందులో నేను దిద్దేందుకు ఏముంది?

కొట్టాను. ఐదోసారి.

కడవ మీద ఎర్రదీపం వెలిగింది. ఒక్కసారి మిగిలింది అని చూపించింది. అది మర్యాదగానే చూపిస్తుంది. ఎవర్నీ తిట్టదు.

"ఎల్లు పంతులమ్మా" అంది నూకరత్నం. "కడవ ఇక్కడెట్టి ఎల్లు."

గడువుకు 4 రోజులు

నూకరత్నం నాతో మాట్లాడటంలేదు. నా కడవలో నూట తొంభై చుక్కలు ఉన్నాయి, బిడ్డ పేర జమచేసుకో, మిగతావి ఎవరినైనా అడుగుతాను అని తలుపు దగ్గర నిలబడి చెప్పాను. నీ కడవ నీ దగ్గరే ఉంచుకో అని లోపలినుంచి జవాబు వచ్చింది. అదీ సంభాషణ.

ఇందుజకు నిజం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"దొంగల్ని ఆపడానికి ఏడాది కష్టపడ్డాం అమ్మమ్మా. ప్రేమగా దిద్దేవాళ్ళను ఆపాలని ఎవరికీ తట్టలేదు" అంది.

ఇంకో నాలుగిళ్ళకు కూడా మాటల కాగితాలు నా చేతిరాతలోనే ఉన్నాయని ఆమెకు చెప్పాను. వాళ్ళ కడవలింకా పాత కూర్పులోనే ఉన్నాయి. ఈవేళ ఒక్కొక్క ఇంటికీ వెళ్ళాను. మీ కడవ ముందు మీరే చెప్పండి, మీరు చెప్పింది మీరే రాసుకోండి, నేను రాసింది చింపేయండి, నేను బయట ఉంటాను అన్నాను. ఎందుకని అడిగితే కారణం కూడా చెప్పాను. ముగ్గురు కాగితాలు నా ముందే చింపేశారు. నాలుగో ఇంట్లో తవిటయ్య అని, పడవల ఇంజన్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నా మాటలు కాదని నాకప్పుడే తెలుసమ్మా. సదువుకున్నోరు, ఏదో లెక్క ఉంటాదిలే అని ఊరుకున్నాను" అన్నాడు.

ఇంటికి వచ్చి పలకల మీద ఉప్పు గీకాను. ఉప్పు లేదు. అయినా గీకాను.

గడువుకు 2 రోజులు

పొద్దున పది దాటాక పడవ వచ్చింది. సముద్రం కొంచెం లేస్తోంది. పడవకూ తెప్పకూ మధ్య బల్ల వేశారు, బల్ల తడిగా ఉంది. గౌరి ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో సంచి పట్టుకుని బల్ల ఎక్కింది. నేను నా గుమ్మంలో ఉన్నాను, నూకరత్నం వలల షెడ్డు ముందుంది. అల వచ్చి తెప్ప ఒరిగింది. గౌరి కాలు జారింది.

"ఓలే గవిరీ" అని అరిచింది నూకరత్నం.

పడవవాడు రెక్క పట్టుకున్నాడు. గౌరి నిలదొక్కుకుంది, నవ్వింది కూడా. తల్లి బల్లవైపు పరుగెత్తబోయి, నాలుగడుగులు వేసి, ఆగిపోయింది. తిరిగి నావైపు చూసింది. నేను అప్పటికే ఆమెను చూస్తున్నాను.

గవిరి. ఎనిమిదేళ్ళ కిందట తెప్ప పట్టీలో పేర్లు రాసింది కూడా నేనే. కూతురి పేరేమిటంటే గవిరి అంది. గవిరి ఏమిటమ్మా, గౌరి అని అమ్మవారి పేరు, నిండుగా ఉంటుంది అని రాసేశాను. అదే వారం కడవ కాగితంలోనూ అదే చేశాను. తర్వాత నా ముందు గౌరి అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అందరి ముందూ. చివరికి కళ్ళు మూసుకుని, తన పేట ఇసకలో నడుస్తూ కూడా, ఎదురొచ్చిన బిడ్డను నేను పెట్టిన పేరుతోనే పిలిచింది. మిగతా మాటలు నా కాగితంలోనే తప్పాయి. ఈ ఒక్కటి ఆమె నోట్లో తప్పింది.

కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తూ నా గుమ్మం ముందు ఆగింది.

"కడవ దగ్గరికి రా. నాకు అచ్చరాలు పట్టుకోడం ఆలీసం. కానీ రాసీది నానే."

నేను వెంట వెళ్ళాను. ఆమె తన ఇంటి తలుపు దగ్గర చెయ్యి అడ్డంపెట్టింది.

"నువ్వు బైట కూకో. తప్పుబోతే పిలుస్తాను."

తప్పుపోతే పిలిచి ప్రయోజనం లేదు. ఇద్దరికీ తెలుసు. బయట తాళ్ళచుట్ట మీద కూర్చున్నాను. గోడ రేకుది. లోపల ఒక్కొక్క అక్షరమే పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో చాలాసేపు ఆగింది. గౌరి ఏదో అడిగింది, ఉండొలే అంది తల్లి. నేను దేవుడికి మొక్కుకోలేదు. ఇంత చేసి, చివర్లో ఆయన్ను కలపడం బాగుండదనిపించింది.

కడవ తెరుచుకున్నప్పుడు బిందెలో నీటిబొట్టు పడ్డట్టు చిన్న చప్పుడు చేస్తుంది. ఆఫీసువాళ్ళ చమత్కారం. ఆ చప్పుడు వినబడింది.

లోపల ఎవరూ కేకలు వేయలేదు. కొంతసేపటికి, బిడ్డ పేర ఎన్ని కట్టాలో గౌరి చదివి చెప్పింది, నూకరత్నం కట్టేసింది. నేను కొంగుతో ముఖం తుడుచుకుని లేవబోయాను. అప్పుడు కడవ కొత్త మాటలు అడిగింది. పాతవి ఇద్దరికి తెలిసినవి కదా, పనికిరావు. గౌరిని కూడా బయటకు పంపేసి తలుపు వేసుకుంది. మంచిపనే చేసింది. గౌరి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీ అమ్మ నిన్ను ఏమని పిలవాలి?" అని అడిగాను.

"మీరేం రాయకపోతే ఎలాగైనా పిలుస్తాదండి" అంది.

రాసేది పైకి పలుకుతూ రాయమని నూకరత్నానికి నేర్పింది నేనే. లోపల మొదటి మాట పలికింది. స తో మొదలైంది. అప్పటికి తట్టి, రెండు చెవులూ మూసుకుని, మోకాళ్ళ నొప్పితో తెప్ప చివరిదాకా నడిచిపోయాను.

గడువుకు 1 రోజు

పదిహేడో తెప్ప. అప్‌డేట్ చేసిన కడవలు పద్నాలుగు. తెరుచుకోనివి లేవు. పుట్టబోయే పేరు ఒకటి పట్టీలో చేరింది. రాసింది వేరేవాళ్ళు. నూకరత్నం పాత మాటలు రద్దయ్యాయి కాబట్టి ఈ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఆఫీసుకు ఇస్తున్నాను. వాలంటీరు పనికి వేరే మనిషిని చూసుకోమని కూడా రాస్తున్నాను. కుర్చీ ఇక్కడే ఉంటుంది.

ఒక భద్రతా లోపం మిగిలింది. ఉదయం వెళ్ళి నూకరత్నానికి చెప్పాను. కొత్త మాటల్లో మొదటిది నా చెవిన పడింది, దాన్ని మార్చుకో అన్నాను.

వల మీదినుంచి తల ఎత్తలేదు.

"మార్చడమెందుకు" అంది. "నువ్వు రాసుకుంటే తప్పుగానే రాసుకుంటావు గదా."